తేదీ ఎవరి చేతి రాత?
(సైనికుడి సర్వీసు కాగితాల చరిత్ర గురించి)

చరిత్ర అంటే రాజుల పట్టాభిషేకాల తేదీలూ యుద్ధాల తేదీలూ కాదని అభ్యుదయ సాహిత్యం మనకు నేర్పింది. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ గేయం తర్వాత మన విమర్శలో ఆ మాట స్థిరపడింది. సరైన పాఠమే అది. కాని ఆ పాఠానికి రెండో సగం ఒకటి ఉంది. రాజు తేదీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. తప్పుపడితే పిల్లవాడికి ఒక మార్కు పోతుంది. సామాన్యుడి తేదీ ప్రభుత్వ కాగితంలో ఉంటుంది; తప్పుపడితే అతని ముసలితనపు తిండి పోతుంది. చరిత్రను కింది నుంచి చూడాలనుకునేవాడు ఈ రెండో రకం తేదీలను వదిలిపెట్టడానికి వీల్లేదు.

ఈ సంగతి అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేది సైనికుడి సర్వీసు రికార్డులో. ‘నా కాగితాల్లో ఫలానా తేదీ తప్పు పడింది, సరిదిద్దండి’ అని ఒక మాజీ సైనికుడు పెట్టుకునే అర్జీ చూడటానికి చాలా చిన్న విషయం. ఒక అంకె మార్చమనడమే కదా! కాని ఆ అర్జీ వెనక్కి నడుచుకుంటూ పోతే వలసపాలన నాటి రిక్రూటింగు డేరా దాకా పోతాం. ముందుకు నడిస్తే సుప్రీంకోర్టు గుమ్మం దాకా వస్తాం. ఈ వ్యాసంలో నేను చేయదలచుకున్నది ఆ ప్రయాణమే.

ఒక రోజు విలువ

ముందు ఈ తేదీలు చేసే పనేమిటో చూద్దాం. మన సైన్యంలో ఒక సిపాయి సర్వీసు పింఛనుకు అర్హుడు కావాలంటే పదిహేనేళ్ల సర్వీసు ఉండాలి. ఆఫీసరుకైతే ఇరవై ఏళ్లు. ఈ గీతకు ఇవతల ఆగిపోయినవాడికి నెలనెలా వచ్చే పింఛను లేదు. కొద్దిగా తక్కువ పడితే ఆ లోటును మాఫీ చేసే నిబంధన ఒకటి ఉంది. ఒకప్పుడు ఆరు నెలల దాకా మాఫీ చేసేవారు. 2001లో దానిని పన్నెండు నెలలకు పెంచారు. అంటే పద్నాలుగేళ్లు నిండినవాడికి ఆశ ఉంది, నిండనివాడికి లేదు. ఈ లెక్కంతా రెండు తేదీల మధ్య దూరం మీద ఆధారపడింది: చేరిన తేదీ, విడుదలైన తేదీ. మధ్యలో సెలవు మించి ఉండిపోయిన రోజులూ, లెక్కకు రాని రోజులూ తీసివేస్తారు. ఆ తీసివేతలకు మళ్లీ తేదీలే ఆధారం.

గాయపడినవాడి సంగతి మరొకటి. దెబ్బ ఏ రోజు తగిలింది, ఆ రోజు అతను డ్యూటీలో ఉన్నాడా, సెలవులో ఉన్నాడా? వైకల్య పింఛను ఈ ప్రశ్న మీద నిలబడుతుంది. అతను చనిపోయాక భార్య సంగతి ఇంకొకటి. ఆరో వేతన సంఘం సిఫార్సుల తర్వాత ఎనభై ఏళ్లు నిండిన పింఛనుదారులకు మూల పింఛను మీద ఇరవై శాతం అదనంగా ఇస్తున్నారు. ఎనభై అయిదుకు ముప్పై, తొంభైకి నలభై, తొంభై అయిదుకు యాభై, నూరేళ్లు నిండితే నూటికి నూరు. కుటుంబ పింఛనుకు కూడా ఇదే వర్తిస్తుంది. మంచి ఏర్పాటే. కాని ఎనభై నిండాయని చెప్పాల్సింది ఆమె నెరిసిన జుట్టు కాదు, కాగితంలోని తేదీ.

తేదీ ఎలా పుట్టింది?

తేదీకి ఇంత బలం ఉన్నప్పుడు అది ఎవరి చేతుల్లో పుట్టిందో అడగాలి.

మన తెలుగువాళ్లకు సిపాయి కొలువు కొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగు సిపాయిలు ఎంతగా ఉండేవారంటే, ఉత్తరాదిలో సిపాయిని ‘తిలంగా’ అనే పిలిచేవారు. ఆ తర్వాత ‘యుద్ధ జాతులు’ అనే సిద్ధాంతం తెచ్చి దక్షిణాదివాళ్లను వెనక్కి నెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మద్రాసు దళాలను దశలవారీగా రద్దు చేశారు. రెండో యుద్ధంలో మనుషులు అవసరమయ్యేసరికి మళ్లీ నిలబెట్టారు. ఆ యుద్ధంలో భారత సైన్యం ఇరవై అయిదు లక్షలకు పెరిగింది. పశ్చిమ గోదావరి జిల్లా మాధవరానికి ‘మిలిటరీ మాధవరం’ అనే పేరు వచ్చింది ఇలా తరతరాలుగా కొలువులో చేరినవాళ్ల వల్లనే.

ఇన్ని లక్షల మంది కుర్రాళ్లు రిక్రూటింగు అధికారి ముందు నిలబడినప్పుడు వాళ్ల పుట్టినరోజు ఎవరికి తెలుసు? తల్లికి తెలుసు. కాని ఆమెకు తెలిసినది ఫలానా గాలివాన వచ్చిన ఏడు, ఫలానా కరువు మర్నాడు, శ్రావణమాసంలో శుక్రవారం. అధికారికి కావలసింది అంకె. కుర్రవాడి ఎత్తు కొలిచి, ఛాతీ కొలిచి, మీసకట్టు చూసి ‘కనిపించే వయస్సు పద్దెనిమిది’ అని రాసుకున్నాడు. పొట్టకూటికి వచ్చినవాడు ఆ అంకెతో వాదించడు. పదహారేళ్లవాడు పద్దెనిమిది అని తానే చెప్పి ఉండవచ్చు కూడా. యుద్ధానికి మనిషి కావలసినప్పుడు ఏ అధికారీ ఆ మాటను పరీక్షించి చూడలేదు. ఆ అంకెను పరీక్షించడం అతను పింఛను అడిగిన రోజున మొదలయింది.

మద్రాసు ప్రెసిడెన్సీలో జనన మరణాల నమోదుకు 1899లోనే చట్టం ఉంది. గ్రామాధికారి రిజిస్టరులో రాయాలి. రాసినచోట కూడా చాలాసార్లు ‘ఫలానావారి మగశిశువు’ అని ఉంటుంది తప్ప పేరుండదు. పేరు పెట్టేది తర్వాత కదా! నైజాం ప్రాంతంలో చిక్కు ఇంకా ఎక్కువ. అక్కడి ప్రభుత్వ కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో నడిచాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుందని మనం సులువుగా చెప్పుకుంటాం. కాని ఆ సంవత్సరం మొదలయ్యేది అక్టోబరులో. కాబట్టి 1350 ఫసలీలో పుట్టినవాడు 1940లో పుట్టి ఉండవచ్చు, 1941లో పుట్టి ఉండవచ్చు. నెల తెలియకుండా లెక్క కట్టిన గుమాస్తా ఒక పెన్ను పోటుతో ఒక మనిషికి ఒక ఏడాది కలపగలడు, తీసివేయగలడు.

బళ్లు పెరిగాక ఈ అధికారం మా పంతుళ్ల చేతికి వచ్చింది. ఇరవై ఏళ్లుగా బడిలో పనిచేస్తున్నవాణ్ణి కనుక పాత అడ్మిషన్ రిజిస్టర్లు తిరగేసే అవకాశం నాకు దొరికింది. ఒక్కొక్క పేజీలో సగం మంది పిల్లలు జూన్ నెలలోనో, జులై ఒకటో తేదీనో పుట్టి ఉంటారు. ఊళ్లో కాన్పులన్నీ బడి తెరిచే రోజులకే జరిగాయని కాదు అర్థం. అయిదేళ్లు నిండితేగాని ఒకటో తరగతిలో చేర్చుకోరాదు కాబట్టి పంతులుగారు సరిగ్గా అయిదేళ్లు వెనక్కి లెక్కపెట్టి రాశారు. ఆయన చేసింది మోసం కాదు. పిల్లవాణ్ణి బడిలో కూర్చోబెట్టడానికి చేసిన ఉపకారం. కాని ఆ ఉపకారపు తేదీ పదో తరగతి సర్టిఫికెట్టులోకి ఎక్కింది. అక్కణ్ణించి సైన్యంలో చేరే ఫారంలోకి, అక్కణ్ణించి షీట్ రోల్ అనే సర్వీసు పత్రంలోకి నడిచింది. నడిచేకొద్దీ గట్టిపడింది. రాసింది పెన్సిలుతో, మిగిలింది శిలాశాసనంగా.

సైన్యంలో చేరాక మనిషి జీవితంలో వచ్చే ప్రతి మార్పునూ ‘పార్ట్ టూ ఆర్డరు’ అనే ప్రకటనలో వేస్తారు. పెళ్లి, బిడ్డ పుట్టుక, సెలవు, బదిలీ, అన్నీ అందులో పడాలి. పడనిది జరగనట్టే లెక్క. ఈ కాగితాలన్నీ చివరికి రికార్డు ఆఫీసులకు చేరతాయి. వాటిలో రెండు పెద్దవి మన సికింద్రాబాదులోనే ఉన్నాయి: ఆయుధ సరఫరా దళానిది ఒకటి, ఎలక్ట్రికల్ మెకానికల్ ఇంజనీర్లది ఒకటి. దేశం నలుమూలల సిపాయిల యౌవనం అక్కడి బీరువాల్లో మూటకట్టి ఉంది. ఆ మూట సొంతదారు అయిన సిపాయికి మాత్రం దానిలో ఏం రాసి ఉందో తెలిసేది విడుదలైననాడే.

సేనాపతి అర్జీ

ఇదంతా చదువులేని సిపాయి కష్టమేనని, చదువుకున్న ఆఫీసరుకు ఈ బాధ ఉండదని ఎవరైనా అనుకోవచ్చు. ఆ భ్రమను పోగొట్టిన కేసు 2012లో దేశమంతా చూసింది. అర్జీదారు మరెవరో కాదు, భారత సైన్యానికి ప్రధానాధిపతిగా ఉన్న జనరల్ వి.కె. సింగ్.

ఆయన మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్టు ప్రకారం పుట్టినది 1951 మే 10. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశం కోసం నింపిన యూపీఎస్సీ ఫారంలో 1950 మే 10 అని ఉంది. అప్పటికి ఆయన బడిపిల్లవాడు. ఫారంలో పొరపాటు దొర్లిందని ఆయన వాదన. అప్పటినుంచి సైన్యంలోని రెండు విభాగాలు రెండు తేదీలను మోశాయి. అడ్జుటెంట్ జనరల్ శాఖ కాగితాల్లో 1951, మిలిటరీ సెక్రటరీ శాఖ కాగితాల్లో 1950. ఒకే మనిషి ఒకే సైన్యంలో ఇద్దరుగా పెరిగాడు. 1970లో ఆఫీసరయ్యాడు. 2006లో పై పదోన్నతి సమయంలో ఈ తేడా బయటపడింది. 2008, 2009 సంవత్సరాల్లో ఆయన 1950ని అంగీకరిస్తూ ఉత్తరాలు ఇచ్చారు. పై అధికారుల మాట మీద, సంస్థ మేలు కోరి ఇచ్చానని తర్వాత చెప్పారు. 2010 మార్చి 31న ప్రధానాధిపతి అయ్యారు. 2011 జులైలో రక్షణ శాఖ 1950నే గుర్తించాలని ఆదేశించింది. ఆయన చేసుకున్న ఫిర్యాదును డిసెంబరు 30న తోసిపుచ్చింది. 2012 జనవరిలో ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఫిబ్రవరి 10న జస్టిస్ లోధా, జస్టిస్ గోఖలే ధర్మాసనం ముందు కేసు వచ్చినప్పుడు ప్రభుత్వం డిసెంబరు ఆదేశాన్ని వెనక్కి తీసుకుంది. కాని 1950 తేదీ నిలిచింది. జనరల్ తన పిటిషన్‌ను ఉపసంహరించుకుని మే 31న పదవీ విరమణ చేశారు. రెండో తేదీ నెగ్గి ఉంటే మరో పది నెలలు పదవిలో ఉండేవారు.

ఆ రాజకీయాలు నాకు ఇక్కడ ముఖ్యం కాదు. ఆ సందర్భంలో కోర్టు స్పష్టం చేసిన ఒక మాట ముఖ్యం. ఆయన నిజంగా ఎప్పుడు పుట్టాడన్నది తమ ముందున్న ప్రశ్న కాదనీ, సర్వీసు రికార్డులో ప్రభుత్వం ఏ తేదీని గుర్తించిందన్నదే ప్రశ్న అనీ కోర్టు చెప్పింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి తాళంచెవి ఈ మాటే. సర్వీసు రికార్డులోని తేదీ మనిషి జీవితం గురించిన సత్యమని మనం అనుకుంటూ వచ్చాం. అది రాజ్యం ఆ మనిషి గురించి చేసుకున్న నిర్ణయం. సత్యాన్ని ఎప్పుడైనా సరిదిద్దవచ్చు. నిర్ణయాన్ని సరిదిద్దాలంటే దాన్ని చేసినవాడి ఇష్టం కావాలి, గడువు దాటకుండా ఉండాలి.

గడువు వెనక న్యాయం ఎంత?

గడువు అనే మాట వచ్చింది కనుక దాని పక్షాన ఉన్న వాదన కూడా న్యాయంగా చూడాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి పుట్టిన తేదీ మార్పు కోరాలంటే ఉద్యోగంలో చేరిన అయిదేళ్లలోపు కోరాలి. 1993లో హర్నామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతిని బలపరచింది. ఏళ్ల తరబడి ఊరుకుని విరమణ దగ్గరపడ్డాక వచ్చే అర్జీలను మన్నించరాదన్నది. మన రాష్ట్రంలో 1984 నిబంధనలు ఇంకా కఠినం: ఒకసారి నమోదైన తేదీ అంతిమం. ఇవి ఊరికే పుట్టలేదు. విరమణ ముందు వయస్సు తగ్గించుకుని కుర్చీ పట్టుకు వేలాడినవాళ్లు ఉన్నారు. ఒకడు రెండేళ్లు ఎక్కువ ఉంటే కిందివాడి పదోన్నతి రెండేళ్లు ఆగుతుంది. ఈ వాదనలో నిజం ఉంది.

అయితే ఈ నిజం ఎంత దూరం వర్తిస్తుంది? పుట్టిన తేదీ మార్చి సర్వీసు పొడిగించమనే అర్జీ ఒక రకం. అందులో మరొకరి కుర్చీ ఉంది. చేరిన తేదీ ఒక నెల వెనక్కి ఉండాలి, గాయం తేదీ సెలవులో పడింది, డ్యూటీలో పడాలి, భార్య పుట్టిన సంవత్సరం తప్పు అని విడుదలైనవాడు పెట్టుకునే అర్జీ వేరే రకం. అందులో ఎవరి కుర్చీ లేదు. ఖజానా నుంచి నెలకు కొన్ని వేల రూపాయలు తప్ప మరెవరికీ నష్టం లేదు. ఈ రెండు రకాలనూ ఒకే అనుమానంతో చూడటంలోనే అన్యాయం ఉంది. కుర్చీ వదలనివాడి మీద పుట్టిన అనుమానాన్ని కుర్చీయే లేనివాడి మీద రుద్దుతున్నారు.

మా మండలంలో ఒక మాజీ సైనికుడి భార్యకు నేను అర్జీ రాసిపెట్టాను. భర్త కాగితాల్లో ఆమె పేరుంది, పుట్టిన తేదీ లేదు. పుట్టిన తేదీకి రుజువు పంపమని ఒక ఆఫీసు నుంచి జవాబొచ్చింది. ఆమె బడికి వెళ్లలేదు. ఊరి జనన రిజిస్టరులో ఆ ఏడాది పేజీలు లేవు. చివరికి ఆధార్ కార్డు పెట్టాం. అందులో జనవరి 1 అని ఉంది. పుట్టినరోజు తెలియనివాళ్లందరికీ అంచనా సంవత్సరం వేసి జనవరి 1 అని రాయడం అక్కడి పద్ధతి. ఆఫీసు దాన్ని ఒప్పుకుంది. ఆమెకు మేలు జరిగింది, సంతోషమే. కాని ఆలోచించండి. ఆమె నోటిమాటకు లేని విలువ, అదే నోటిమాట విని మరో గుమాస్తా కొట్టిన అంకెకు వచ్చింది.

మరో దేశపు అద్దం

ఇది మన దేశానికే పరిమితమైన జబ్బు కాదు. సైనికుల రికార్డులు సరిదిద్దడానికి ప్రత్యేక చట్టం చేసుకున్న దేశాన్ని కూడా చూడాలి. అమెరికాలో 1946 దాకా సైనికుడి రికార్డులో తప్పు దిద్దాలంటే కాంగ్రెసులో అతని పేరున ప్రత్యేక బిల్లు పెట్టించుకోవలసి వచ్చేది. ఆ ఏడాది చేసిన చట్టంతో రికార్డుల సవరణ బోర్డులు వచ్చాయి. తప్పు తెలిసిన మూడేళ్లలోపు అడగాలని గడువుంది. న్యాయం కోసం అవసరమైతే ఆ గడువును బోర్డే సడలించవచ్చు. ఆ సడలింపు ఎంత అవసరమో అక్కడి పింఛను చట్టం చూస్తే తెలుస్తుంది. పాత తరం సైనికుడు యుద్ధకాలపు పింఛనుకు అర్హుడు కావాలంటే తొంభై రోజుల సర్వీసులో కనీసం ఒక్క రోజైనా చట్టం గుర్తించిన యుద్ధకాలంలో పడాలి. రెండో ప్రపంచ యుద్ధం ఆ చట్టం ప్రకారం 1946 డిసెంబరు 31న ముగిసింది. మర్నాడు చేరినవాడికి ఆ యుద్ధం లేదు.

1973 జులై 12న సెయింట్ లూయిస్ నగరంలోని సైనిక రికార్డుల భవనం తగలబడింది. ఒక కోటి అరవై లక్షలకు పైగా ఫైళ్లు బూడిదయ్యాయి. నకళ్లు లేవు. 1912 నుంచి 1960 దాకా సైన్యం నుంచి విడుదలైనవాళ్ల ఫైళ్లలో నూటికి ఎనభై పోయాయి. అప్పుడు జీతాల పట్టీలూ, దళాల రోజువారీ హాజరు పత్రాలూ వెతికి ఒక్కొక్కరి సర్వీసునూ తిరిగి అల్లుకుంటూ వచ్చారు. కాగితం పోవడంలో సైనికుడి తప్పు లేదు కాబట్టి అతనికి సాయపడవలసిన బాధ్యత ప్రభుత్వం మీద మరింత ఎక్కువగా ఉందని అక్కడి కోర్టులు చెప్పాయి.

వినడానికి ఎంతో బాగుంది. కాని అదే రాజ్యం ఫిలిప్పీన్ సైనికులను ఏం చేసిందో కూడా చూడాలి. 1941 జులైలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ వాళ్లను అమెరికా సైన్యం కిందికి పిలిచాడు. యుద్ధం ముగిశాక 1946 ఫిబ్రవరి 18న చేసిన చట్టం, చాలా ప్రయోజనాల విషయంలో వాళ్ల సర్వీసును అమెరికా సైనిక సర్వీసుగా లెక్కించరాదన్నది. మనిషి పోరాడాడు, తేదీలున్నాయి, గాయాలున్నాయి. సర్వీసు మాత్రం లేదు! అరవై మూడేళ్ల తర్వాత 2009లో బతికున్నవాళ్లకు ఒకేసారి కొంత డబ్బు ఇస్తామన్నారు: అమెరికా పౌరులకు పదిహేను వేల డాలర్లు, కానివారికి తొమ్మిది వేలు. పేరు పాత సైనిక జాబితాలో దొరకాలి. వచ్చిన దరఖాస్తుల్లో సగానికి పైగా తిరస్కరించారు. అడిగినవాళ్ల వయస్సు ఎనభై దాటింది. కాగితం సరిదిద్దే యంత్రాంగం ఎంత మంచిదైనా, అది ఎవరిని మనిషిగా లెక్కించాలో ముందే నిర్ణయించుకుంటే ఇలాగే జరుగుతుంది.

రుజువు భారం

పరిష్కారం ఎక్కడుంది? నా అభిప్రాయంలో అది మన న్యాయచరిత్రలోనే మొలకెత్తింది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వైకల్య పింఛను గురించి ఒక సూత్రం నిలబెట్టింది. చేరేనాటి వైద్యపరీక్షలో జబ్బు ఉన్నట్టు రాయకపోతే అతను ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తర్వాత వచ్చిన జబ్బు సర్వీసు వల్ల కాదంటే ఆ సంగతి రుజువు చేయవలసింది ప్రభుత్వం, సైనికుడు కాదు. సందేహం వస్తే దాని లాభం సైనికుడికి దక్కాలి.

శరీరం విషయంలో చెప్పిన ఈ న్యాయం తేదీ విషయంలో ఎందుకు వర్తించకూడదు? కాగితం రాసింది ప్రభుత్వం. దాచింది ప్రభుత్వం. రెండు విభాగాల్లో రెండు రకాలుగా ఉంచింది ప్రభుత్వం. సైనికుడు ఆ కాగితాన్ని చూడలేదు. చూసినా అతని సంతకం చోట వేలిముద్రే ఉండవచ్చు. అలాంటప్పుడు రుజువు భారం కాగితం ఎవరి చేతిలో ఉందో వాళ్ల మీద ఉండాలి. పింఛనుకు సంబంధించిన తేదీ మీద నిజాయితీగల సందేహం వచ్చినప్పుడు దాని లాభం అడిగినవాడికి దక్కాలి. 2007 చట్టంతో ఏర్పడిన సైనిక దళాల ట్రిబ్యునల్ ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ దాని చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి. కాని ఉద్దానంలోనో, పాలమూరులోనో ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి ఒక అంకె కోసం చెన్నై దాకా వెళ్లాలనడం న్యాయాన్ని దూరభారంతో కొలవడమే. ప్రతి సైనికుడికీ అతని సర్వీసు పత్రం నకలు సర్వీసులో ఉండగానే, అతనికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించి ఇస్తే ఈ అర్జీల్లో చాలా భాగం పుట్టనే పుట్టవు.

రచయితలకు కూడా ఇందులో పని ఉంది. యుద్ధం గురించి మనకు గేయాలున్నాయి, కథలున్నాయి. సరిహద్దులో నేలకొరిగినవాడిని మన సాహిత్యం గౌరవించింది. తిరిగి వచ్చి, ట్రంకుపెట్టెలో డిశ్చార్జి బుక్కు దాచుకుని, ఇరవై ఏళ్లపాటు ఒకే అర్జీని తిరగరాయించుకున్నవాడు ఇంకా మన సాహిత్యంలోకి పూర్తిగా రాలేదు. అతని అర్జీలు ఊరూరా ఉన్నాయి. పంతుళ్ల చేతిరాతలో, పోస్టాఫీసు ముందు కూర్చున్న గుమాస్తాల చేతిరాతలో, ఇప్పుడు మీసేవ కేంద్రాల అచ్చులో ఉన్నాయి. వాటిని సేకరించి చదవాలి. సామాన్యుడు తన బతుకు లెక్కను రాజ్యం లెక్కతో పోల్చి, తేడా చూపి, సరిచేయమని అడిగిన పత్రాలవి. రేపటి చరిత్రకారుడికి శాసనాలంత విలువైన ఆధారాలు. చెదలు పట్టకముందే వాటిని భద్రం చేయడం మన వంతు.